ఊదకుండా పలికే వేణువు

వేణువు అనగానే పెదవికి ఆనిన పిల్లనగ్రోవి మన మనసులో మెదులుతుంది. వరుసగా రంధ్రాలు, వాటిపై కదలాడే వేళ్లు, లోనికి ప్రవేశించే ఊపిరి: ఇవి లేని వేణువును ఊహించడం కష్టం. కాని అటువంటి వేణువు ఒకటి మన పొరుగునే, బస్తరు అడవులలో ఉన్నది. దానిని ఊదనవసరం లేదు. చేత పట్టుకొని గాలిలో ఊపుతారు, గుండ్రంగా తిప్పుతారు. గాలే దానిలోనికి ప్రవేశించి, తానే పలికి, తానే వెలుపలికి పోతుంది. వాయించేవాని పెదవులకు పని లేదు. అతడు నడుస్తూ వాయించవచ్చు, ఆడుతూ వాయించవచ్చు, పక్కవానితో మాటలాడుతూ కూడా వాయించవచ్చు.

అక్కడి గోండులు దీనిని ‘సులుర్’ అంటారు. బయటివారు ‘బస్తరు వేణువు’ అని పిలుస్తారు. 2025 జనవరి 25న భారత ప్రభుత్వం ప్రకటించిన పద్మ పురస్కారాల జాబితాలో ఈ వేణువును తయారుచేసే ఒక వృద్ధుని పేరు కనిపించింది. ఆయన పండీ రామ్ మండావీ. స్వగ్రామం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని నారాయణ్‌పూర్ జిల్లాకు చెందిన గఢ్‌బెంగాల్. జాతి గోండు మురియా. అప్పటికి ఆయన వయస్సు 68 సంవత్సరాలు. పద్మశ్రీ ఆయనను వెదుక్కుంటూ ఆ పల్లెకు వెళ్లింది.

ఇది సామాన్యమైన విషయం కాదు. సంగీత ప్రపంచంలో కీర్తి గాయకునికి దక్కుతుంది, వాదకునికి దక్కుతుంది. వీణ వాయించినవారి పేరు నలుగురూ ఎరుగుదురు. పనసదుంగను తొలిచి ఆ వీణను నిలబెట్టిన బొబ్బిలి పనివాని పేరు మాత్రం వీణ కడుపులోనే ఉండిపోతుంది. నాదానికి ఇల్లు కట్టినవానిని కచేరీ రోజున ఎవరూ వేదికపైకి పిలువరు. అందుచేత ఒక వాద్యనిర్మాతకు జాతి గౌరవం లభించినప్పుడు, అతడు చేసే పని ఎటువంటిదో, అది ఎందుకు నిలవాలో, ఎట్లా నిలుస్తుందో ఒకసారి ఆలోచించుకోవడం మన విధి.

గాలికి గొంతు

‘కీచకము’ అనే మాట వినగానే మనకు విరాటరాజు బావమరిది జ్ఞాపకం వస్తాడు. కాని నిఘంటువు తెరిస్తే ఆ మాటకు మరొక అర్థం కూడా కనిపిస్తుంది: గాలి సోకినప్పుడు మ్రోగే వెదురు. తుమ్మెదలు తొలిచిన రంధ్రాలలోకి అడవిగాలి చొరబడినప్పుడు వెదురుపొదలు తమంతట తామే మ్రోగడాన్ని మన పూర్వులు గమనించారు; దానికొక పేరు పెట్టారు. కాళిదాసు కుమారసంభవంలో హిమవంతుని వర్ణిస్తూ ఈ కీచకాల నాదాన్ని ప్రస్తావించాడు. మనిషి వేణువును కనుగొనడానికి ముందే అడవి వేణువు వాయిస్తున్నదన్నమాట. బస్తరు సులుర్ ఆ అడవి వేణువుకు అతి సమీప బంధువు. మన పిల్లనగ్రోవి మనిషి ఊపిరిని కోరుకుంటుంది. సులుర్ మాత్రం ఇప్పటికీ గాలినే నమ్ముకున్నది.

ఇందులోని శాస్త్రం తేలికగా బోధపడేదే. వేగంగా సాగే గాలిపాయ ఒక పలుచని అంచుకు తగిలితే అది నిలకడగా చీలిపోదు. అంచుకు ఒకసారి ఈవలికి, ఒకసారి ఆవలికి ఊగులాడుతుంది. ఆ ఊగులాట గొట్టంలో నిలిచి ఉన్న గాలిని కదిలిస్తుంది. గొట్టం తన పొడవుకు తగిన కదలికను మాత్రమే పెంచి, తక్కినవాటిని అణచివేస్తుంది. మనకు వినిపించే స్వరం అదే. గొట్టం పొడవు పెరిగినకొద్దీ స్వరం మంద్రమవుతుంది. తగ్గినకొద్దీ తారస్థాయికి పోతుంది. గాలి పెదవులనుండి వచ్చినా, తిత్తినుండి వచ్చినా, చేతి ఊపువల్ల ఎదురొచ్చినా గొట్టానికి భేదం లేదు.

ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకొని ఐరోపా వారు ప్రార్థనామందిరమంత వాద్యాన్ని నిర్మించారు. అదే చర్చి ఆర్గన్. మన భజన మందిరాలలో, పౌరాణిక నాటకాల వేదికలపై పలికే హార్మోనియం దానికి దూరపు చుట్టం. అయితే హార్మోనియంలో మ్రోగేది లోహపు నాలుక. ఆర్గన్‌లో ప్రధానంగా మ్రోగేవి నిలువుగా నిలిపిన గొట్టాలు. ఒక్కొక్క గొట్టానికి ఒక్కటే స్వరం. రెండడుగుల తెరపి గొట్టం పియానో మెట్ల నడిమి స్వరాన్ని ఇస్తే, ముప్పది రెండడుగుల గొట్టం మన చెవి అందుకోగల కడపటి మంద్రాన్ని ఇస్తుంది. పెద్ద వాద్యాలలో ఇట్టి గొట్టాలు వేలకొలది ఉంటాయి. జర్మనీలోని ఫ్రైబెర్గ్ నగరపు కెథడ్రల్‌లో గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్ అనే నిర్మాత 1714లో పూర్తిచేసిన ఆర్గన్ మూడు శతాబ్దాలు దాటినా నేటికీ మ్రోగుతున్నది. విద్యుత్తు రాకముందు ఇటువంటి వాద్యాలకు గాలి అందించేందుకు మనుషులు వెనుక నిలిచి తిత్తులు తొక్కేవారు. ఆర్గన్‌కు ఆ తిత్తులు ఎట్లాగో, సులుర్‌కు మనిషి భుజం అట్లాగు.

ఫ్రైబెర్గ్‌లోని ఆ మహావాద్యాన్నీ, గఢ్‌బెంగాల్‌లోని ఈ వెదురు గొట్టాన్నీ పక్కపక్కన పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. పరిమాణంలో వాటికి పోలిక లేదు. కాని రెండింటి నిర్మాతలకూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: కంటికి కనిపించని గాలి ఏ అంచుకు తగిలితే, ఏ పొడవు గొట్టంలో నిలిస్తే, మనిషి మనసుకు హత్తుకొనేట్లు పలుకుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం కొంత కొలబద్దలో, మరికొంత చేతిలో, చెవిలో ఉంటుంది.

మన పొరుగు నేల

బస్తరు తెలుగువారికి పరాయి నేల కాదు. అక్కడి ఇంద్రావతి మన గోదావరిలో కలుస్తుంది. ఆ సీమ అంచున ప్రవహించే శబరి కూనవరం వద్ద అదే గోదావరిని చేరుతుంది. ఓరుగల్లు పతనమైన 1323 తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు అటు తరలివెళ్లి రాజ్యం స్థాపించాడని బస్తరు చరిత్ర చెబుతుంది. ఆయన వెంట దంతేశ్వరీదేవి నడిచి వచ్చిందని ఒక గాథ. వెనుదిరిగి చూడకుండా ఎంత దూరం నడిస్తే అంత మేర రాజ్యం అని దేవి వరమిచ్చిందట. అందెల సవ్వడి వింటూ రాజు ముందుకు సాగాడు. శంఖినీ డంకినీ నదుల సంగమం వద్ద దేవి పాదాలు ఇసుకలో కూరుకొని సవ్వడి ఆగిపోయింది. రాజు వెనుదిరిగి చూశాడు. దేవి దంతెవాడలో నిలిచిపోయింది. చెవికి వినబడినంత మేరే రాజ్యమని చెప్పే ఈ కథ బస్తరులో పుట్టడం ఎంతో సహజం. దట్టమైన అడవిలో కంటికంటె ముందు చెవి దారి చూపుతుంది.

అక్కడి గోండీ భాష కూడా మన తెలుగుకు తోబుట్టువు. రెండూ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందినవని భాషావేత్తల నిర్ణయం. ఆ భాష మాట్లాడే మురియాలు తమ ఆదిపురుషుడు లింగో పెన్ అని నమ్ముతారు. అతడు పదునెనిమిది వాద్యాలను ఏకకాలంలో వాయించేవాడట. ఈ గాథను, మురియాల వాద్యాలను, వారి నృత్యాలను వెరియర్ ఎల్విన్ 1947లో వెలువరించిన తన బృహద్గ్రంథంలో విపులంగా నమోదు చేశాడు. ఒక జాతి తన మూలపురుషుని చేతికి ఖడ్గం ఇచ్చి రాజుగా నిలబెట్టక, వాద్యాలిచ్చి వాద్యకారుణ్ణి చేసుకొన్నదంటే ఆ జాతి దేనిని సంపదగా ఎంచిందో తెలుస్తుంది.

నిజంగానే అక్కడ మ్రోగని వస్తువు అరుదు. మట్టికుండపై చేట బోర్లించి, దానిపై వింటి కొనను ఆనించి, గాట్లుపెట్టిన పుల్లతో ఆ వింటిని రాస్తూ స్త్రీలు పాడే వాద్యం ఒకటి ఉన్నది. దాని పేరు ధన్‌కుల్. కుండ, చేట, విల్లు, పుల్ల: నాలుగూ ఇంటి సామాన్లే. వీటితో ‘గురుమాయి’లనబడే గాయికలు జాగరణల్లో రోజుల తరబడి కథాగానం చేస్తారు. దండామి మరియాల నృత్యంలో పురుషులు కొమ్ముల తలపాగా ధరించి పెద్ద డోళ్లు మ్రోగిస్తే, స్త్రీలు మువ్వల ఇనుపకర్రలను నేలపై తాటిస్తూ లయ కలుపుతారు. ఇంతటి వాద్యసంపద నడుమ సులుర్ నిరాడంబరమైనది. అది ఒంటరివాని వాద్యం. పశువులను మేపేవాడు, రాత్రివేళ అడవిదారిలో నడిచేవాడు దానిని ఊపుకుంటూ పోయేవాడు. ఆ నాదం అతనికి తోడు. అడవి జంతువులకు హెచ్చరిక. దూరాన ఇంటిలో ఉన్నవారికి ‘మనవాడు వస్తున్నాడు’ అనే కబురు. నృత్యాలలోనూ దానికి చోటు ఉన్నది.

కత్తి, నిప్పు, మైనం

సులుర్ తయారీకి కావలసిన పరికరాలు ఒక చిన్న సంచిలో ఇముడుతాయి. కాని దాని పని అడవిలోనే మొదలవుతుంది. లేత వెదురు ఎండితే ముడుచుకొంటుంది, పగులుతుంది. మూడు నాలుగేళ్లు ముదిరిన బొంగు కావాలి. కణుపుకు కణుపుకు నడుమ తగినంత దూరం, లోపల తగినంత డొల్ల ఉండాలి. కొట్టే కాలం కూడా ముఖ్యమే. వానలు వెలసి చలి పట్టిన తరువాత వెదురులో పిండిపదార్థం తగ్గుతుంది. అప్పుడు కొట్టిన బొంగుకు పుచ్చు పట్టడం తక్కువ. మన పల్లెల్లో పందిళ్లకు, ఇంటివాసాలకు వెదురు కొట్టేవారు పున్నమి దాటిన బహుళపక్షాన్ని ఎంచుకోవడం పెద్దలు ఎరిగినదే. శాస్త్రం పేరు తెలియకపోయినా అనుభవం మాట వినడం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఎండిన బొంగును కావలసిన పొడవుకు కోసి, లోపల అడ్డుగా ఉన్న కణుపు పొరను కాల్చిన ఇనుపకడ్డీతో తొలుస్తారు. గొట్టపు నోటిలో నడుమ రంధ్రం గల చిన్న లోహపు బిళ్లను అమర్చి, చుట్టూ మైనంతో బిగిస్తారు. వేణువుకు గొంతు ఏర్పడేది ఇక్కడే. బిళ్ల వెంట్రుకవాసి పక్కకు జరిగినా గొట్టం బుసకొడుతుందే తప్ప పాడదు. నిర్మాత దానిని ఊపి చూస్తాడు. మైనాన్ని వేడిచేసి బిళ్లను సవరిస్తాడు. మళ్లీ ఊపి చూస్తాడు. ఈ సవరణకు కొలబద్ద లేదు. ఇంతేనని కాగితం మీద రాసి ఇవ్వడం సాధ్యం కాదు. ప్రతి బొంగూ వేరు. దాని మందం వేరు, డొల్ల వేరు. కాబట్టి ప్రతి సులుర్‌కూ కొత్తగా చెవి ఒగ్గవలసిందే.

గొంతు కుదిరిన తరువాత ఒంటికి అలంకారం. వెదురు పైచర్మంపై కత్తిమొనతో గీతలు, త్రికోణాలు, చేపలు, ఆకులు చెక్కుతారు. నిప్పు సెగ తగిలించగా ఆ చెక్కడం నల్లబడి, పసుపుపచ్చని వెదురుపై స్పష్టంగా తేలుతుంది. రంగుల డబ్బా అవసరం లేదు. వెదురూ నిప్పూ కలిసి తామే చిత్రాన్ని దిద్దుకుంటాయి.

పన్నెండేళ్ల ప్రాయంలో

పండీ రామ్ మండావీ ఈ విద్యను పన్నెండేళ్ల ప్రాయంలో తన పెద్దల వద్ద ప్రారంభించాడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మన సామెత వాద్యనిర్మాణానికి వర్తించినట్లు మరే విద్యకూ వర్తించదు. చేతికి ఒడుపు, చెవికి పదును చిన్ననాడే అబ్బాలి. వేణువులతోపాటు ఆయన కొయ్యపై శిల్పాలు, పలకలపై ఉబ్బు చిత్రాలు చెక్కాడు. ఐదు దశాబ్దాలకు పైగా సాగిన ఈ కృషి ఎనిమిదికి మించిన దేశాలలో ప్రదర్శితమైంది. తన కార్యశాలలో ఆయన వెయ్యిమందికి పైగా పనివారికి శిక్షణ ఇచ్చాడు.

మురియాలకు కొయ్యపని కొత్త కాదు. వారి గోటుల్ యువజనుల నివాసం మాత్రమే కాదు. పాట, ఆట, పని నేర్పే పాఠశాల కూడా. అక్కడి యువకులు తమకు నచ్చిన యువతులకు కానుకగా కొయ్యదువ్వెనలు చెక్కి ఇచ్చేవారు. గోటుల్ స్తంభాలపై బొమ్మలు చెక్కేవారు. అందంగా చెక్కడం అక్కడ వృత్తి కాదు, యౌవన లక్షణం. సాయంకాలం గోటుల్‌కు వెళ్లిన కుర్రవాడు, పెద్దవాని చేతిని చూస్తూ ఏ రుసుమూ చెల్లించకుండా ఒక విద్య నేర్చుకొనేవాడు.

ఆ ఏర్పాటు నేడు చాలా గ్రామాలలో సన్నగిల్లింది. పిల్లలు పాఠశాలలకు, వసతిగృహాలకు వెళ్తున్నారు. అది కోరదగిన మార్పే. రోడ్లు వచ్చాయి, రాత్రిపూట దారి చూపడానికి సెల్‌ఫోను వెలుగు చాలు. దశాబ్దాలపాటు సాగిన సాయుధ సంఘర్షణ ఆ ప్రాంతపు రాత్రులకు వేరొక భయాన్ని తెచ్చిపెట్టింది. సులుర్‌కు పుట్టుకనిచ్చిన అవసరాలు ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. అయినా సులుర్ అమ్ముడుపోతూనే ఉన్నది. నగరాలలోని హస్తకళల ప్రదర్శనలలో కొనుక్కొన్నవారు ఇంటికి తీసుకువెళ్లి గోడకు తగిలిస్తారు. గోడకు తగిలించిన వేణువు పలుకదు. చెక్కడం బాగుంటే చాలుననుకొనే కొనుగోలుదారు ఎదురైనప్పుడు, బిళ్లను సరిగా అమర్చడానికి పడే శ్రమ ఎందుకన్న ప్రశ్న రేపటి పనివానికి తప్పక కలుగుతుంది. ఏనాడు ఆ శ్రమ మానివేస్తే ఆనాడు సులుర్ వట్టి బొమ్మలు చెక్కిన వెదురు అవుతుంది. చూపునకు ఏ లోపమూ కనబడదు. నాదం మాత్రం వెళ్లిపోతుంది.

ఒకే పల్లె, ఇద్దరు ప్రసిద్ధులు

గఢ్‌బెంగాల్‌కు కీర్తి రావడం ఇది మొదటిసారి కాదు. 1950 దశకంలో స్వీడన్ దేశపు చలనచిత్ర దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ బస్తరుకు వచ్చి మురియాల జీవితంపై ఒక చిత్రం తీశాడు. 1957లో విడుదలైన ఆ చిత్రానికి ఆంగ్లంలో పెట్టిన పేరుకు ‘వేణువూ బాణమూ’ అని అర్థం. సంగీతం పండిత రవిశంకర్‌ది. అందులో పులితో ఆడుకొన్న బాలుడు చెంద్రూ మండావీ ఈ గఢ్‌బెంగాల్ పిల్లవాడే. దేశదేశాల పత్రికలు అతని బొమ్మలు అచ్చువేశాయి. అతనిని స్వీడన్‌కు తీసుకువెళ్లారు. తరువాత అతడు తిరిగి తన పల్లెకు వచ్చాడు. లోకం అతనిని మరచింది. పేదరికంలోనే బ్రతికి, 2013లో కన్నుమూశాడు.

ఈ కథను ఎవరినీ నిందించడానికి జ్ఞాపకం చేయడం లేదు. వెలుపలినుండి వచ్చిన వెలుగు వెలుపలికే తిరిగిపోవడం లోకసహజం. ఆ చిత్రం పేరులో వేణువు ఉన్నది. ఆ వేణువు చేసేవారి గోడు ప్రేక్షకుని చెవికి చేరలేదు. అదే పల్లెకు, దాదాపు ఏడు దశాబ్దాల తరువాత, ఈసారి ఒక పనివాని పేరున కీర్తి వచ్చింది. ఇదైనా నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

చెట్టా? గడ్డా?

నిలవడానికి మొట్టమొదట వెదురు కావాలి. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి మొక్క. వరికి, చెరకుకు వరుసైనది. కాని 1927 నాటి భారత అటవీచట్టం దానిని చెట్టుగా లెక్కించింది. చెట్టును నరకడానికి, తరలించడానికి ఉన్న ఆంక్షలన్నీ వెదురుకూ వర్తించాయి. అడవిలో పుట్టి పెరిగినవాడు తన వేణువుకు ఒక బొంగు కోసుకోవడం చట్టం దృష్టిలో సందేహాస్పదమైన పనిగా మారింది. కాగితపు మిల్లులకు మాత్రం వెదురు లారీలకొద్దీ తరలింది.

2006లో వచ్చిన అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి, దానిపై అడవి బిడ్డల హక్కును గుర్తించింది. నారాయణ్‌పూర్‌కు పొరుగున మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామసభకు 2011 ఏప్రిల్‌లో తమ వెదురును తామే అమ్ముకొనే అనుమతిపత్రాలు జారీచేసే అధికారం లభించింది. 2017లో అటవీచట్టాన్ని సవరించి, వెదురును చెట్టు నిర్వచనంనుండి తొలగించారు. అడవి వెలుపల పెంచే వెదురుకు దీనివల్ల స్వేచ్ఛ కలిగింది. గడ్డిని గడ్డిగా గుర్తించడానికి తొంభై ఏళ్లు పట్టింది. వేణునాదం విని తలలూపే మనలో ఎందరికి తెలుసు, ఆ నాదం వెనుక ఇంత వ్యవహారం ఉన్నదని?

మరమ్మతు, పునర్నిర్మాణం

వెదురు లభించిన తరువాత కావలసింది నేర్చుకొనే చేయి. ఆ తరువాత వినే చెవి. ఈ విషయంలో జర్మనీ ఆర్గన్ నిర్మాతల అనుభవం మనకు కొంత బోధ చేస్తుంది. 2017లో యునెస్కో జర్మనీ ఆర్గన్ నిర్మాణ విద్యను, ఆర్గన్ సంగీతాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సందర్భంగా వెలువడిన లెక్కలు గమనింపదగినవి. ఆ దేశంలో సుమారు 50 వేల ఆర్గన్‌లు ఉన్నాయి. వాటిని నిర్మించి, సంరక్షించే కార్యశాలలు 400. వాటిలో పనిచేసేవారు 2,800 మంది. పని నేర్చుకొంటున్నవారు 180 మంది. వృత్తిగా వాయించేవారు 3,500 మంది; ప్రతిఫలం లేకుండా వాయించేవారు పదుల వేలు.

ఈ అంకెలలో ఒక క్రమం ఉన్నది. నిర్మాతలకంటె వాయించేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆదివారం వచ్చేసరికి వాద్యం మ్రోగాలి. మ్రోగాలి కనుక చెడిపోయిన గొట్టాన్ని ఎవరో ఒకరు బాగుచేయాలి. బాగుచేయాలి కనుక ఒక కుర్రవాడు ఆ పని నేర్చుకోవాలి. నిర్మాతను కాపాడుతున్నది జాలి కాదు, అవసరం. యునెస్కో గుర్తింపు ఆ అవసరానికి ఒక తిలకం మాత్రమే.

అయితే సులుర్‌కు ఆర్గన్‌తో ఒక భేదం ఉన్నది. ఆ భేదమే అసలు విషయం. సిల్బర్‌మన్ గొట్టాలు తగరం, సీసం కలిపిన లోహంతో, గట్టి కొయ్యతో చేసినవి. ఆయన గతించి రెండున్నర శతాబ్దాలు దాటినా ఆయన వాద్యం ఉన్నది. దానిని విప్పి చూసి ఆయన పద్ధతి తెలుసుకోవచ్చు. వాద్యమే గురువు అవుతుంది. వెదురు అట్లా నిలువదు. పుచ్చు పడుతుంది, చెద పడుతుంది, మైనం కరుగుతుంది. ఎంత గొప్పవాడు చేసిన సులుర్ అయినా కొన్నేళ్లలో మూగబోతుంది. మ్యూజియంలో మందు చల్లి భద్రపరిస్తే దాని ఒడలు నిలువవచ్చు, గొంతు నిలువదు. జగదల్‌పూర్‌లోని మానవశాస్త్ర ప్రదర్శనశాల మెచ్చదగిన సేవ చేస్తున్నది. కాని అద్దాల పెట్టెలోని వేణువు వేణువుకు ఛాయాచిత్రం వంటిది.

కనుక ఆర్గన్‌ను మరమ్మతు చేసి కాపాడవచ్చును గాని, సులుర్‌ను మళ్లీ చేసి మాత్రమే కాపాడగలము. ప్రతి తరమూ మొదటినుండి అడవికి వెళ్లాలి, బొంగు ఎంచాలి, కడ్డీ కాల్చాలి, బిళ్ల అమర్చి, ఊపి, చెవి ఒగ్గాలి. ఈ దారిలో ఒక్క తరం ఆగిపోతే, రెండవ తరానికి అనుసరించడానికి పాత వాద్యం కూడా మిగలదు. అన్నమదేవుని వెనుక ఆగిన అందెల సవ్వడి వలె, ఆగిన చోటనే ఆగిపోతుంది.

ఈ దృష్టితో చూస్తే పండీ రామ్ మండావీ జీవితంలో ఎనిమిది దేశాల ప్రదర్శనలకంటె, పద్మశ్రీకంటె, ఆయన నేర్పిన వెయ్యిమంది ముఖ్యులు. ఆయన చేసిన వేణువులు ఒకనాటికి మట్టిలో కలుస్తాయి. ఆయన తన చేతిని ఎందరి చేతులకు అందించాడో అంత మేర ఆయన వేణువు జీవిస్తుంది. ప్రభుత్వాలు చేయదగిన పని కూడా ఇందులోనే ఉన్నది: బస్తరు బడులలో వారానికి ఒక పూట ఇట్టి పెద్దవారిని గురువు పీటమీద కూర్చోబెట్టడం, గ్రామసభలకు తమ వెదురుపై హక్కును కాగితంపైనే కాక పొదవద్ద కూడా దక్కనివ్వడం, మేళాలలో వేణువులు అమ్మే బల్లతోపాటు, వాటిని ఊపి ఆడేవారికి కాస్త ఆటస్థలం కల్పించడం. ఇందులో దేనికీ కోట్లు అవసరం లేదు.

మనవంటివారు చేయదగినది ఇంకా చిన్నది. ఏ హస్తకళల ప్రదర్శనలోనో బొమ్మలు చెక్కిన బస్తరు వెదురు గొట్టం కనిపిస్తే, ధర అడగడానికి ముందు దానిని చేతిలోకి తీసుకొని, నలుగురూ చూస్తారన్న సంకోచం లేకుండా, ఒకసారి గాలిలో ఊపి చూడండి. పలికితేనే కొనండి. పలుకకపోతే పలికేది కావాలని అడగండి. ఎక్కడో ఒక అడవి పల్లెలో, నిప్పు ముందు కూర్చొని, మైనం వేడిచేసి, వెంట్రుకవాసి మేర బిళ్లను సవరిస్తున్న చేతికి ఆ మాట చేరుతుంది.